లెక్క మారింది, రిపోర్టు ఎందుకు మారలేదు?

సాయంత్రం ఆరు దాటింది. రేపు పొద్దున్నే ఖానాపూర్ నుంచి నిర్మల్‌కు రిపోర్టు పోవాలి. ఈ రోజు కాంటా అయిన వడ్ల లెక్కంతా ఎక్సెల్‌లో ఎక్కించారు. మొత్తం సరిగ్గా వచ్చింది. ఇక వర్డ్ ఫైలు తెరిచి ప్రింటు తీయడమే మిగిలింది. తెరిస్తే అందులోని పట్టిక నిన్నటి లెక్కే చూపిస్తోంది. లేదా పట్టిక ఉండాల్సిన చోట ‘ఎర్రర్! నాట్ ఎ వ్యాలిడ్ లింక్’ అన్న ముక్క మాత్రమే కనిపిస్తోంది. నిన్నటి దాకా బాగానే ఉంది కదా, ఇప్పుడేమైంది?

ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఒక్కటే. పాత పట్టిక తీసేసి, అంకెలన్నీ మళ్ళీ చేత్తో టైపు చేస్తారు. ఆ పూటకు గండం గడుస్తుంది. కానీ రేపు ఎక్సెల్‌లో ఒక్క ట్రక్ షీట్ అంకె సవరిస్తే రిపోర్టు మళ్ళీ తప్పవుతుంది. మళ్ళీ టైపు చేయాలి. సీజన్ అయ్యేదాకా ఇదే పని.

సదర్‌మాట్ కాలువ కింద సేద్యం చేసే రైతును చూడండి. చివరి మడికి నీళ్ళు రాకపోతే బిందెలతో మోసి పోయడు. కాలువ వెంట నడుచుకుంటూ వెళ్ళి గండి ఎక్కడ పడిందో చూస్తాడు. మీరూ అదే చేయాలి. వర్డ్‌లో కనిపించే తప్పు అంకెను దిద్దడం కాదు, ఆ అంకె వచ్చే దారిని దిద్దాలి. ఈ అధ్యాయం మొత్తం ఆ దారి గురించే.

మీరు కొనుగోలు కేంద్రంలో లెక్కలు రాసే అక్క కావచ్చు, సహకార సంఘంలో గుమాస్తా కావచ్చు, మండల ఆఫీసులో ఆపరేటర్ కావచ్చు, బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపే తమ్ముడు కావచ్చు. కంప్యూటర్ కోర్సు చేయలేదని జంకకండి. ఇక్కడ కావలసింది కాస్త ఓపిక, ఒక క్రమం. అంతే.

ముందు ఒక ప్రశ్న: అసలు అది లింకేనా?

రోగం తెలియకుండా మందు వేయం. వర్డ్‌లోకి ఎక్సెల్ పట్టిక మూడు రకాలుగా వస్తుంది. మామూలుగా కాపీ, పేస్ట్ చేస్తే వచ్చేది ఉత్త పట్టిక. దానికి ఎక్సెల్‌తో ఏ సంబంధమూ ఉండదు. రెండోది, ఎక్సెల్ షీటునే వర్డ్ లోపల పెట్టేయడం. దాన్ని రెండుసార్లు క్లిక్ చేస్తే ఎక్సెల్‌లా తెరుచుకుంటుంది. కానీ అది వేరే ప్రతి, మీ అసలు ఫైలుతో దానికి పొత్తు లేదు. మూడోదే నిజమైన లింకు. ‘పేస్ట్ స్పెషల్’లోకి వెళ్ళి ‘పేస్ట్ లింక్’ ఎంచుకుంటేనే అది ఏర్పడుతుంది.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి మూడు పరీక్షలు చాలు.

1. పట్టిక మీద రైట్ క్లిక్ చేయండి. వచ్చిన జాబితాలో ‘అప్‌డేట్ లింక్’ అన్న మాట ఉంటే అది లింకే.

2. ఆల్ట్, ఎఫ్9 మీటలు కలిపి నొక్కండి. పట్టిక పోయి, దాని స్థానంలో మీసాల బ్రాకెట్ల మధ్య ‘లింక్’ అన్న మాటతో మొదలయ్యే పొడుగాటి వరుస కనిపిస్తే అది లింకే. ఎక్సెల్ ఫైలు ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో, ఏ పేరుతో ఉందో అంతా ఆ వరుసలోనే రాసి ఉంటుంది. భయపడకండి, పట్టిక ఎక్కడికీ పోలేదు. అవే మీటలు మళ్ళీ నొక్కితే తిరిగి వస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వీటితో పాటు ‘ఎఫ్ఎన్’ మీట కూడా నొక్కాలి.

3. ‘ఫైల్’ మెనూలో ‘ఇన్ఫో’ తెరిచి కుడి వైపు అడుగున చూడండి. ‘ఎడిట్ లింక్స్ టు ఫైల్స్’ అన్న వరుస ఉందా? ఫైలులో లింకు ఉంటేనే అది కనిపిస్తుంది. ఎప్పుడూ సేవ్ చేయని కొత్త ఫైలైతే ముందు సేవ్ చేసి చూడండి.

ఈ మూడింటిలో ఏదీ కుదరలేదా? అయితే మీ లింకు తెగలేదు. అసలు లింకే వేయలేదన్నమాట. ఎక్సెల్‌కు వెళ్ళి పట్టిక కాపీ చేసి, వర్డ్‌లో ‘పేస్ట్ స్పెషల్ → పేస్ట్ లింక్ → మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ వర్క్‌షీట్ ఆబ్జెక్ట్’ ఎంచుకోండి. రెండు నిమిషాల పని.

లింకు ఎక్కడెక్కడ తెగుతుంది?

లింకు దానంతట అది తెగదు. మనం ఏదో ఒకటి కదిలిస్తేనే తెగుతుంది. వర్డ్ మామూలుగా ఎక్సెల్ ఫైలు పూర్తి చిరునామాను గుర్తు పెట్టుకుంటుంది. ఆ చిరునామాలో ఒక్క అక్షరం మారినా అది అక్కడికి వెళ్ళి వెతికి, ఏమీ దొరక్క చేతులెత్తేస్తుంది. మన దగ్గర ఎక్కువగా తెగే చోట్లు ఇవి.

1. ఫోల్డర్ పేరు మార్చడం. 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలైంది. ఖానాపూర్ నిర్మల్ జిల్లాలోకి వచ్చింది, పెంబి కొత్త మండలమైంది. గోదావరి అవతల కరీంనగర్ నుంచి జగిత్యాల విడిపోయింది. కంప్యూటర్‌లో ‘ఆదిలాబాద్’ అన్న ఫోల్డర్‌ను ‘నిర్మల్’ అని మార్చడం అప్పట్లో న్యాయమైన పనే. కానీ అలా మార్చిన ప్రతిచోటా, లోపలి వర్డ్ ఫైళ్ళు ఎక్సెల్ కోసం ఇంకా ‘ఆదిలాబాద్’ ఫోల్డర్‌నే వెతుకుతుంటాయి. మండలం మారినా, సెక్షన్ మారినా, ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చినా జరిగేది ఇదే.

2. పెన్‌డ్రైవ్. ఇంట్లో పెడితే దానికి ‘ఇ’ డ్రైవ్ అని పేరు వచ్చింది. ఆఫీసులో పెడితే ‘ఎఫ్’ అయింది. ఫైలు అదే, ఫోల్డర్ అదే. కానీ చిరునామాలో మొదటి అక్షరమే మారిపోయింది. “సార్, ఇంటికాడ మంచిగనే వచ్చింది, ఈడ ఎర్రర్ చూపిస్తున్నది” అంటే తొంభై పాళ్ళు కారణం ఇదే అనుకోవచ్చు.

3. ఫైలు పేర్లు. మొదట ‘వడ్ల లెక్క’. తర్వాత ‘వడ్ల లెక్క ఫైనల్’. సార్ ఒక సవరణ చెబితే ‘ఫైనల్ కొత్తది’. లింకు మాత్రం మొదటి ఫైలు దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

4. షీటు పేరు, వరుసల స్థానం. ఎక్సెల్ అడుగున ‘షీట్1’ అని ఉన్నదాన్ని ‘యాసంగి’ అని మార్చారా? లింకు తెగింది. వర్డ్ ఫైలు మూసి ఉన్నప్పుడు ఎక్సెల్‌లో పైన రెండు వరుసలు కొత్తగా చేర్చారా? లింకు తెగదు కానీ పట్టిక జరిగిపోతుంది. కింద ఉన్న ‘మొత్తం’ వరుస వర్డ్‌లో కనిపించకుండా పోతుంది.

5. పాత రకం ఫైలును కొత్త రకంగా సేవ్ చేయడం. 2003 వరకూ వచ్చిన ఎక్సెల్ ఫైళ్ళ తోక ‘ఎక్స్ఎల్ఎస్’. 2007 నుంచి ‘ఎక్స్ఎల్ఎస్ఎక్స్’. మార్చగానే చిరునామా మారుతుంది, లింకు తెగుతుంది. అలాగని పాతదాన్నే పట్టుకుని ఉండకండి. పాత రకంలో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి, కొత్తదాంట్లో 10,48,576. 2020 శరత్కాలంలో ఇంగ్లండ్‌లో కొవిడ్ లెక్కలు పాత రకం ఫైళ్ళలోకి ఎక్కించగా, పట్టని వరుసలు రాలిపోయి 15,841 కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. కాబట్టి కొత్త రకానికి మారండి. మారిన వెంటనే లింకు కూడా మార్చండి.

6. వాట్సాప్‌లో వర్డ్ ఫైలు ఒక్కటే పంపడం. అవతలి వాళ్ళ ఫోనులో, కంప్యూటర్‌లో మీ ఎక్సెల్ ఫైలు లేదు. మరి లింకు ఎక్కడికి పోవాలి? మెయిల్‌లో వచ్చిన ఫైలైతే వర్డ్ దాన్ని పసుపు పట్టీతో ‘ప్రొటెక్టెడ్ వ్యూ’లో తెరుస్తుంది. ‘ఎనేబుల్ ఎడిటింగ్’ నొక్కేదాకా లింకులు కదలవు. పంపినవాళ్ళు తెలిసినవాళ్ళు, ఫైలు నమ్మదగినది అయితేనే నొక్కండి.

7. లింకును ‘మాన్యువల్’లో పెట్టడం లేదా తాళం వేయడం. ఇది తెగడం కాదు, నిద్రపోవడం. మీరు లేపేదాకా పాత లెక్కే చూపిస్తుంది.

ఇప్పుడు మీ ఫైలును తలుచుకోండి. ఈ ఏడింటిలో గత వారం రోజుల్లో మీరు చేసినది ఏది? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

బాగుచేయడం: ఎనిమిది అడుగులు

తొందరపడకండి. ఈ వరుస తప్పకుండా చేస్తే మామూలు తెగులు పది పదిహేను నిమిషాల్లో పోతుంది.

1. ముందు వర్డ్ ఫైలుకు ఇంకో ప్రతి తీసి పక్కన పెట్టండి. ఏది పాడైనా వెనక్కి రావడానికి దారి ఉండాలి.

2. వర్డ్ తెరవగానే, ఈ ఫైలులో లింకులున్నాయి, కొత్త లెక్క తెచ్చుకోమంటావా అని అడుగుతుంది. ఎక్సెల్ ఫైలు ఎక్కడుందో తెలియనంత వరకూ ‘నో’ అనండి. ‘నో’ అంటే చివరిసారి కనిపించిన పట్టిక అలాగే ఉంటుంది. ‘యస్’ అంటే, దారి దొరక్కపోతే ఉన్న పట్టిక కూడా పోయి ఎర్రర్ ముక్క మిగలవచ్చు.

3. ఎక్సెల్ ఫైలును మీరే వెతికి తెరవండి. సరైన ఫైలేనా చూడండి. తేదీ చూడండి, సీజన్ చూడండి, మొత్తం చూడండి. ఒకే పేరుతో రెండు మూడు ప్రతులు ఉంటే ఏది అసలుదో ఇప్పుడే తేల్చుకోండి. తేల్చకుండా ముందుకు పోవద్దు.

4. వర్డ్‌లో ‘ఫైల్ → ఇన్ఫో → ఎడిట్ లింక్స్ టు ఫైల్స్’ తెరవండి. లింకుల జాబితా వస్తుంది. ఒక్కోదాన్ని నొక్కితే అది ఏ ఫైలు కోసం చూస్తోందో కింద కనిపిస్తుంది. ఆ చిరునామాను, మీరు తెరిచిన ఎక్సెల్ ఫైలు చిరునామాను పక్కపక్కన పెట్టి చదవండి. తేడా ఎక్కడుందో మీ కళ్ళకే దొరుకుతుంది.

5. ‘చేంజ్ సోర్స్’ నొక్కి సరైన ఫైలు చూపించండి. షీటు పేరు లేదా వరుసలు మారి ఉంటే అదే పెట్టెలో ‘ఐటెమ్’ అన్న బటన్ ఉంటుంది, అక్కడ సరిచేయండి. లింకు ‘మాన్యువల్’లో ఉంటే ‘ఆటోమేటిక్’కు మార్చండి. ‘లాక్డ్’ దగ్గర టిక్కు ఉంటే తీసేయండి. తర్వాత ‘అప్‌డేట్ నౌ’ నొక్కండి.

6. లింకులు ఇరవై ముప్పై ఉంటే ఒక్కొక్కటీ మార్చాలా? అక్కర్లేదు. ఆల్ట్, ఎఫ్9 నొక్కి చిరునామాలన్నీ కనిపించేలా చేయండి. కంట్రోల్, హెచ్ నొక్కి పాత ఫోల్డర్ పేరు స్థానంలో కొత్త పేరు పెట్టమనండి. అన్నీ ఒకేసారి మారతాయి. రెండు జాగ్రత్తలు: ఆ వరుసలో ఫోల్డర్ల మధ్య వాలు గీత రెండేసి ఉంటుంది, మీరు ఇచ్చేదాంట్లో కూడా రెండేసి ఉండాలి. పేజీలో అటూ ఇటూ జరుపుకునేలా పెట్టిన పట్టికలకు ఈ వరుస కనిపించదు, వాటిని ముందు ‘ఇన్ లైన్ విత్ టెక్స్ట్’కు మార్చుకోవాలి.

7. ఆల్ట్, ఎఫ్9 మళ్ళీ నొక్కి పట్టికలు వెనక్కి తెచ్చుకోండి. కంట్రోల్, ఎ నొక్కి అంతా ఎంచుకుని ఎఫ్9 నొక్కండి. అన్ని లింకులూ కొత్త లెక్క తెచ్చుకుంటాయి. పేజీ పైభాగంలో, అడుగున, టెక్స్ట్ బాక్సుల్లో ఉన్నవాటికి మాత్రం ఇది తగలదు. అక్కడికి వెళ్ళి విడిగా ఎఫ్9 నొక్కండి.

8. చివరగా, వర్డ్‌లోని మొత్తాన్ని ఎక్సెల్‌లోని మొత్తంతో పోల్చండి. ఎర్రర్ పోయినంత మాత్రాన పని అయినట్టు కాదు. రెండు మొత్తాలూ ఒక్కటైతేనే పని అయినట్టు.

అన్నింటికన్నా ప్రమాదమైనది: ఎర్రర్ రాని తప్పు

ఇక్కడ కాస్త ఆగి చదవండి. తెగిన లింకు అరిచి చెబుతుంది, అందుకే దాని వల్ల పెద్ద నష్టం జరగదు. కొంప ముంచేది వేరే ఉంది. లింకు బాగానే పనిచేస్తుంది, కానీ తప్పు ఫైలు దగ్గరికి పోతుంది. ఏ హెచ్చరికా రాదు.

ఎలా జరుగుతుందో చూడండి. కొత్త సీజన్ వచ్చింది. పోయినేటి ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, పేరు మార్చి, అందులోని ఎక్సెల్‌లో కొత్త లెక్కలు మొదలుపెట్టారు. అందరూ చేసే పనే. కానీ కొత్త ఫోల్డర్‌లో ఉన్న వర్డ్ ఫైలు ఎవరిని అడుగుతోంది? దాని మనసులో ఉన్నది పాత చిరునామా. ఆ పాత ఫోల్డర్ ఇంకా కంప్యూటర్‌లోనే ఉంది. కాబట్టి అది హాయిగా పాత ఎక్సెల్ దగ్గరికి వెళ్ళి పాత లెక్క తెచ్చి చూపిస్తుంది.

2024-25లో ఎ గ్రేడ్ వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. 2025-26కు అది 2,389. తేడా 69 రూపాయలు. యాభై క్వింటాళ్ళు అమ్మిన రైతు లెక్కలో అది 3,450 రూపాయలు. మీ ఎక్సెల్‌లో ధర సరిగ్గానే ఉంది. మీరు చేతికిచ్చిన కాగితంలో మాత్రం పాత ధర పడింది. “గిదేంది అక్కా, రేటు పెరిగిందన్నరు, కాయితంల పాతదే ఉన్నది” అని రైతు అడిగితే ఏం చెబుతారు? డబ్బు తర్వాత సరిగ్గానే ఖాతాలో పడుతుందనుకోండి. కానీ ఆ కాగితం చూసిన మనిషికి మీ లెక్క మీద నమ్మకం పోయింది. ఆ నమ్మకం కూడగట్టడానికి ఎన్ని సీజన్లు పడుతుంది?

దీనికి మందు సులువు. పాత ఫోల్డర్ కాపీ చేసిన రోజే మూడు పనులు చేయండి.

1. కొత్త ఫోల్డర్‌లోని వర్డ్ ఫైలు తెరిచి, ‘ఎడిట్ లింక్స్’లో చిరునామాలు చూడండి. పాత ఫోల్డర్ పేరు కనిపిస్తే అక్కడికక్కడే మార్చేయండి.

2. కొత్త ఎక్సెల్‌లో ఏదో ఒక గడిలో 9,99,999 లాంటి వింత అంకె వేసి సేవ్ చేయండి. వర్డ్‌లో లింకు అప్‌డేట్ చేయండి. ఆ వింత అంకె వర్డ్‌లో కనిపిస్తే దారి సరైనదే. చూసిన వెంటనే ఆ అంకె తీసేసి మళ్ళీ సేవ్ చేసి, మళ్ళీ అప్‌డేట్ చేయండి. ఈ చివరి మాట మరవొద్దు.

3. పాత ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌లోకో, బయటి హార్డ్‌డిస్క్‌లోకో జరపండి. అప్పుడు ఎక్కడైనా పాత లింకు మిగిలి ఉంటే అది ఎర్రర్ రూపంలో బయటపడుతుంది. ఎర్రర్ రావడం ఇక్కడ మనకు మేలే.

మనం తరచూ చేసే పొరపాట్లు

1. ‘బ్రేక్ లింక్’ను మరమ్మతు అనుకోవడం. ఆ బటన్ తెగిన లింకును బాగుచేయదు, ఉన్న లింకును శాశ్వతంగా తెంపేస్తుంది. పొరపాటున నొక్కితే వెంటనే కంట్రోల్, జెడ్ కొట్టండి. సేవ్ చేసి మూసేశాక ఇక రాదు.

2. లింకు ఉన్న పట్టికలో అంకెను వర్డ్‌లోనే దిద్దడం. కొన్ని రకాల లింకుల్లో వర్డ్ అలా దిద్దనిస్తుంది. మీరు గెలిచాననుకుంటారు. తర్వాతి అప్‌డేట్‌తో మీ దిద్దుబాటు మాయమవుతుంది. దిద్దాల్సింది ఎప్పుడూ ఎక్సెల్‌లోనే.

3. జిప్ ఫైలును విప్పకుండా లోపలి ఎక్సెల్ తెరిచి లింకు వేయడం. అప్పుడు ఆ ఫైలు తాత్కాలిక ఫోల్డర్‌లో ఉంటుంది. ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు. ముందు విప్పి, సొంత ఫోల్డర్‌లో పెట్టి, అప్పుడు లింకు వేయండి.

4. ఎక్సెల్‌ను సేవ్ చేయకుండా మూసేసి వర్డ్‌ను తిట్టుకోవడం. మూసిన ఫైలు నుంచి వర్డ్ తెచ్చుకునేది చివరిసారి సేవ్ అయిన లెక్కనే.

5. ఫోల్డర్ లోపల ఫోల్డర్, దాని లోపల ఇంకో ఫోల్డర్ పెట్టి, వాటికి పొడుగాటి పేర్లివ్వడం. ఫైలు పేరుతో కలిపి మొత్తం చిరునామా 218 అక్షరాలు దాటితే ఎక్సెల్ ఆ ఫైలును తెరవడానికే ఒప్పుకోదు.

మళ్ళీ తెగకుండా ఉండాలంటే

బాగుచేయడం వచ్చింది. ఇక రాకుండా చూసుకోవడం నేర్చుకుందాం. కింది అలవాట్లు పెట్టుకుంటే ఈ అధ్యాయం మళ్ళీ తెరవాల్సిన అవసరం అరుదుగా వస్తుంది.

1. రిపోర్టుకు ఒక ఫోల్డర్ పెట్టుకోండి. వర్డ్, ఎక్సెల్ రెండూ అందులోనే ఉండాలి. ఆ ఫోల్డర్ కంప్యూటర్ డ్రైవ్‌లో ఉండాలి. పెన్‌డ్రైవ్ మోసుకుపోవడానికి, దాచిపెట్టుకోవడానికి మాత్రమే. పని చేయడానికి కాదు.

2. నడుస్తున్న ఎక్సెల్ ఫైలు పేరు సీజన్ అంతా మార్చకండి. నిన్నటి ప్రతి కావాలంటే, తేదీ వేసిన ప్రతిని ‘పాతవి’ అన్న ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. పేరు మారాల్సింది పాత ప్రతికి. నడుస్తున్న ఫైలు పేరు ఎప్పుడూ ఒక్కటే.

3. పట్టికకు పేరు పెట్టండి. ఎక్సెల్‌లో పట్టిక మొత్తం ఎంచుకుని ‘ఫార్ములాస్ → డిఫైన్ నేమ్’లో ఖాళీ లేకుండా ఒక పొట్టి పేరు ఇవ్వండి. తర్వాత వర్డ్‌లో ఆల్ట్, ఎఫ్9 నొక్కి, లింకు వరుసలో షీటు పేరు, గడుల నంబర్లు ఉన్న చోట వాటిని తీసేసి ఈ పేరు రాయండి. ఇకమీదట పైన వరుసలు చేర్చినా పట్టిక జరగదు. కొత్త రైతు పేరు ఎక్కించేటప్పుడు మాత్రం ‘మొత్తం’ వరుసకు పైన ఇన్సర్ట్ చేయండి, కింద రాయకండి. అప్పుడే పట్టిక దానంతట అది పెరుగుతుంది.

4. ‘ఫైల్ → ఆప్షన్స్ → డిస్‌ప్లే’లో ‘అప్‌డేట్ లింక్డ్ డేటా బిఫోర్ ప్రింటింగ్’ దగ్గర టిక్కు పెట్టండి. ప్రింటు ఇచ్చే ముందు వర్డే వెళ్ళి కొత్త లెక్క తెచ్చుకుంటుంది.

5. బయటికి పంపేది ఎప్పుడూ పీడీఎఫ్. వర్డ్ ఫైలే కావాలని అడిగితే, ఇంకో ప్రతి తీసి, అందులో కంట్రోల్, ఎ నొక్కి, తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 నొక్కండి. లింకులు తెగి పట్టికలు ఉన్నవి ఉన్నట్టు నిలిచిపోతాయి. ఆ ప్రతి పంపండి. లింకులున్న అసలు ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి.

6. బదిలీ మీద వెళ్తున్నారా? మీ తర్వాత వచ్చేవారి కోసం ఒక కాగితం మీద, ఈ రిపోర్టు ఫలానా ఎక్సెల్ నుంచి లెక్క తెచ్చుకుంటుంది, అది ఫలానా ఫోల్డర్‌లో ఉంది అని రెండు వాక్యాలు రాసి ఫైలులో పెట్టండి. మీరు పడ్డ తిప్పలు వారికి తప్పుతాయి.

మీ దగ్గర మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లేకపోతే?

లిబ్రేఆఫీస్ వాడేవాళ్ళకు దారి ఇంచుమించు ఇదే. క్యాల్క్ ఫైలును ముందు సేవ్ చేయండి, తర్వాత పట్టిక కాపీ చేసి రైటర్‌లో ‘పేస్ట్ స్పెషల్’లో ‘డీడీఈ లింక్’ ఎంచుకోండి. తెగితే ‘ఎడిట్’ మెనూలో లింకుల జాబితా తెరిచి ‘మాడిఫై’ నొక్కి చిరునామా మార్చండి. ఫైలు తెరిచినప్పుడల్లా అడగాలా, అడగకుండానే తేవాలా అన్నది ‘టూల్స్ → ఆప్షన్స్’లో రైటర్ విభాగంలో ఉంటుంది.

గూగుల్ డాక్స్‌లో చిరునామా గొడవ తక్కువ. షీట్ పేరు మార్చినా, వేరే ఫోల్డర్‌లో పెట్టినా లింకు ఉంటుంది. కానీ రెండు చిక్కులున్నాయి. మొదటిది, ‘మేక్ ఎ కాపీ’ నొక్కితే అది కొత్త ఫైలు, డాక్యుమెంట్ మాత్రం పాతదాన్నే అడుగుతుంది. రెండోది, షీట్ చూసే అనుమతి లేనివాళ్ళు అప్‌డేట్ చేయలేరు. ఇంకో సంగతి, అక్కడ లెక్క దానంతట అది మారదు. పట్టిక మీద వచ్చే ‘అప్‌డేట్’ బటన్ మీరే నొక్కాలి. అన్ని లింకులూ ఒకేచోట చూడాలంటే ‘టూల్స్’లో ‘లింక్డ్ ఆబ్జెక్ట్స్’ తెరవండి.

అసలు లింకు ఎప్పుడు వద్దు?

తెలిసింది కదా అని ప్రతి దానికీ లింకు వేయకండి. నాలుగు వరుసల పట్టిక, ఒకేసారి రాసి ఇచ్చేసే ఉత్తరం, ఇక మారదని తెలిసిన పాత సంవత్సరం లెక్క, వీటికి మామూలు పేస్ట్ చాలు. రోజూ మారే లెక్క, నెలనెలా పోయే రిపోర్టు, ఒకే పట్టిక నాలుగు కాగితాల్లో పడాల్సిన పని, వీటికి లింకు వేయండి. ‘ఈ అంకె మళ్ళీ మారుతుందా?’ అని మిమ్మల్ని మీరు అడగండి. మారుతుందంటే లింకు, మారదంటే పేస్ట్.

ఇవాళే ఒక పని చేయండి. మీరు ఎక్కువగా పంపే రిపోర్టు ఒక్కటి తెరవండి. అందులో లింకులు ఉన్నాయో లేవో, ఉంటే ఎక్కడికి పోతున్నాయో చూడండి. పాత చిరునామా ఒక్కటి దొరికినా సరిచేయండి. మొదటిసారి అరగంట పట్టవచ్చు, రెండోసారి పది నిమిషాలు, ఆ తర్వాత మీరే పక్క టేబుల్ వారికి నేర్పిస్తారు. సంతకానికి పెట్టే ప్రతి కాగితం మీద ఉన్న మొత్తాన్ని ఎక్సెల్‌లోని మొత్తంతో ఒక్కసారి పోల్చి చూడండి. ఆ కాగితాన్ని నమ్మి ఒక రైతు, ఒక సంఘం, ఒక ఆఫీసు నిర్ణయం తీసుకుంటాయి. రెండు మొత్తాలూ కలిసినప్పుడే ప్రింటు ఇవ్వండి.